ముత్యాల ఊరి పళ్ళు

2007 ఫిబ్రవరి 3

మళ్ళీ ఉత్తరానికి. గంటన్నర దారి. నాదియా డ్రైవింగ్, పక్కసీట్లో నా ప్రార్థన. యూనివర్సిటీలో చరిత్ర మేడం; చరిత్ర అంతా చదివింది గానీ స్పీడోమీటరు మాత్రం చదవదు.

రోడ్డు కంపెనీ మాకు మూడు వారాలే ఇచ్చింది. ఈ గల్ఫ్ దేశంలో ఇప్పుడు అందరికీ తొందరే. చమురు ధర పెరుగుతోంది, క్రేన్లు పెరుగుతున్నాయి, మదీనత్ ఖలీఫాలో మా ఇంటి అద్దె కూడా. పాత ముత్యాల ఊరి గోరీల మీదుగా నాలుగు లేన్ల రోడ్డు. ఎముకలన్నీ తీసి, ఇమాం గారి ముందు వేరేచోట పూడ్చాలి. పూడ్చే ముందు కొన్ని పళ్ళు మాకు — కాగితం ఉంది, మూడు ముద్రలతో.

నాదియా ప్రశ్న ఒకటే. రెండు వందల యాభై ఏళ్ళ కిందట ఈ ఊరు ఎందుకు ఖాళీ అయింది? ముత్యాల కోసం మునిగేవాళ్ళు దగ్గుతున్నారని ఒక వర్తకుడు ఉత్తరం రాశాడట. దగ్గు సరే, ఏ దగ్గు? నా పని అక్కడ మొదలు; పాత జబ్బుల ఆనవాళ్ళు పళ్ళలో మిగులుతాయి. పొద్దున ఆసుపత్రి ల్యాబ్‌లో బతికున్నవాళ్ళ కఫం, మధ్యాహ్నం యూనివర్సిటీలో పోయినవాళ్ళ పళ్ళు. ఇంటికొచ్చాక మూడుసార్లు చేతులు కడుక్కోమంటారు మా ఆయన.

ఫిబ్రవరి 4

తవ్వడానికి కంపెనీ నలుగురిని పంపింది. అందులో ఒకాయన మల్లేశం, జగిత్యాల దగ్గరి ఊరు, నలభై దాటి ఉంటాయి. నేను చేతి తొడుగుల గురించి హిందీలో తంటాలు పడుతుంటే కాసేపు ఓపిగ్గా విని — "తెలుగుల చెప్పుండ్రి మేడం. నాకు సమజైతది."

చెయ్యి మంచిది. ఒక ఆడమనిషి దవడ నుంచి ఆరు పళ్ళు, ఒక్కటీ విరగకుండా తీశాడు. నేను అప్పుడు పక్క గుంతలో ఉన్నాను.

ఫిబ్రవరి 6

ఇసుక గాలి. పని లేదు. కారులో కూర్చుని వేరుశెనగలు.

ఫిబ్రవరి 18

పదకొండు మంది. నలభై పళ్ళు. అన్నీ పొడి చేయడం అయింది. ఎముకలు వాటి కొత్త చోట పడుకున్నాయి. పొడిలో జబ్బు తాలూకు డీఎన్ఏ ఉందో లేదో ఇక యంత్రం చెప్పాలి… ఈ నాలుగు రోజులూ ఎలా గడపాలో తెలియడం లేదు. సాంబారులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఫిబ్రవరి 22

వచ్చింది.

ఆ ఆడమనిషి ఆరు పళ్ళలో ఐదింట్లో క్షయ. మిగతా పదిమందిలో ఏమీ లేదు. ఉత్త నీళ్ళు పెట్టిన గొట్టాలూ శుభ్రం. అంటే తప్పు యంత్రానిది కాదు. నాదియాకు ఫోన్ చేస్తే అరబిక్‌లో ఏదో అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఎవరమ్మా నువ్వు? ఎక్కడ తగిలించుకున్నావు?

ఫిబ్రవరి 25

రకం కూడా తేలింది. దక్షిణ భారతదేశపు రకం.

నేను బందరుదాన్ని. ఒకప్పుడు మా రేవు నుంచి అద్దకం గుడ్డలు ఈ సముద్రం మీదకు వచ్చేవి, ఇక్కడి ముత్యాలు మా వైపుకు వచ్చేవి. ఆ ఓడల్లో ఎవడో దగ్గుతూ వచ్చి ఉంటాడు. మా ఊరివాడేనేమో. నాదియా అయితే వ్యాసానికి పేరు కూడా పెట్టేసింది. కాకినాడలో ఉన్న చెల్లికి ఫోన్ చేసి అరగంట వాగాను. పాపం, ఊ కొట్టింది.

ఫిబ్రవరి 26

అన్నం తింటూ తింటూ లేచిపోయాను. పొడుగు ముక్క చూడలేదు.

ఇన్నేళ్ళు ఇసుకలో ఉన్న డీఎన్‌ఏ తునాతునకలై ఉండాలి. చిన్న ముక్కలు దొరకాలి, పొడుగువి దొరకకూడదు; దొరికితే అది పాతది కాదన్నట్టు. మొదట చేయాల్సిన పరీక్ష అది. సంబరంలో మర్చిపోయాను. ఇరవై ఏళ్ళ సర్వీసు.

ఫిబ్రవరి 28

పొడుగు ముక్క వచ్చింది. చక్కగా, నిక్షేపంలా.

అది ఆమె జబ్బు కాదు. ఇప్పటి మనిషిది ఎవరిదో.

మార్చి 1

మొదట నా మీదే అనుమానం. ఎక్స్‌రే తీయించుకున్నాను, ఏమీ లేదు. మా ఆయన ఆ కాగితాన్ని లైటు ముందు పెట్టి నాలుగుసార్లు చదివారు.

నోట్‌బుక్ తిరగేశాను. మిగతా పళ్ళన్నీ నేను తొడుగులతో తీసి కవర్లలో వేసినవి. మల్లేశం తీసిన ఆ ఆరు మాత్రం నా చేతికి ఒక తువ్వాల మూటలో వచ్చాయి. మూట విప్పి, కవర్లోకి మార్చి, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. తొందర. ఇప్పుడు రాస్తున్నాను, ఎవరికీ పనికిరాకుండా.

మార్చి 2, శుక్రవారం

ముషైరిబ్, పాత బజారు పేట. సెలవు రోజు కాబట్టి వీధి నిండా మనవాళ్ళు. ఫోన్ చేసి రమ్మంటే మల్లేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, చిక్కిపోయాడు. టీ తాగుతూ తువ్వాల సంగతి అడిగాను. దాచలేదు.

"మనిషి బొక్కలను ప్లాస్టిక్ కవర్ల ఎట్లేస్తం మేడం. మా దిక్కు అస్థికలు బట్టల్నే కడ్తం. ఆమెకు ఎవ్వరు లేకపాయె."

అదే తువ్వాల ఆ రోజు పొద్దుటి నుంచీ ఇసుక పడకుండా మూతికి కట్టుకున్నది. దగ్గు ఎన్నాళ్ళుగా అంటే రెండు నెలలు. చెమటలు కూడా. ప్యాంటు వదులైందని, ఇక్కడి తిండి పడటం లేదని అనుకుంటున్నాడు.

చెప్పేశాను. డొంకతిరుగుడు లేకుండా, ఉన్నది ఉన్నట్టు. కానీ నేను చెప్పడం అయ్యేలోపే ఆయనకు అర్థమైంది. అన్‌ఫిట్ అనే మాట ఇక్కడ అందరికీ తెలుసు. వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు, మళ్ళీ గల్ఫ్‌లో ఎక్కడా వీసా దొరకదు. గ్లాసు కింద పెట్టాడు. తర్వాత అడిగింది ఇది —

"అయితే ఆమెకు లేకుండెనా ఆ బీమారి?"

తెలియదన్నాను. లేకుంటే మంచిదే అన్నాడు.

మార్చి 3

తల తిరుగుతోంది. ముందు పరీక్ష చేయాలి. పరీక్ష కాగితం మీద పేరు ఉంటే ఫలితం ఆసుపత్రి నుంచి ఆరోగ్యశాఖకు వెళ్తుంది, అక్కడి నుంచి కంపెనీకి. పేరు లేకుండా చూడటం నాకు పెద్ద పనేం కాదు. కానీ పేరు లేని మనిషికి మందులు ఎవరిస్తారు? సెలవు పెట్టి ఊరికి వెళ్తే అక్కడ మందులు ఉచితం, ఎవరూ అడ్డుపడరు. ఆ సెలవు మే నెలలో. అప్పటిదాకా క్యాంప్‌లో గది నిండా మనుషులు, ఒకే కూలరు, ఒకే గాలి.

నా ఉద్యోగం కూడా చూసుకోమన్నారు మా ఆయన. మెల్లగానే అన్నారు. అయినా కోపం వచ్చింది.

మార్చి 4

నాదియాకు చెప్పాను. వ్యాసం పోయిందని తెలిసి కూడా అరవలేదు. అతని పేరేమిటని అడిగింది. రెండు వారాలు కలిసి పనిచేసి పేరు తెలియదు. నేను చెప్పాక కాగితం మీద అరబిక్‌లో రాసుకుంది.

నిజం ఒప్పుకోవాలి. వ్యాసం పోయినందుకు ఏడుపొస్తోంది. బందరు ఓడ నాకు చాలా ఇష్టమైపోయింది. ఆ ఊరు ఎందుకు ఖాళీ అయిందో ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటోంది. అంతలోనే మల్లేశం గుర్తొస్తాడు, సిగ్గేస్తుంది.

మార్చి 6

మల్లేశం నుంచి ఫోన్ లేదు. నేను చేస్తే స్విచాఫ్. ఆయన పారిపోతే బాగుండునని ఒక నిమిషం అనుకున్నాను. గదిలో మిగతావాళ్ళు?

మార్చి 8

పొద్దున ఆరున్నరకు ల్యాబ్ గుమ్మంలో మల్లేశం. శుక్రవారం నేనిచ్చిన కఫం సీసా చేతిలో. లేచీ లేవగానే పట్టాడట, చెప్పినట్టే.

చీటీ మీద పెన్ను పెట్టి ఆగిపోయాను. ఇప్పటికి నంబరు వేస్తాను, ముందు చూద్దాం, తర్వాత ఆలోచిద్దాం అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

"పేరు రాయుండ్రి మేడం. రూంల ఎనిమిది మందిమి ఉన్నం. నాకు రాస్తెనే వాళ్ళకు గూడ సూస్తరు గదా."

పంపేస్తారు, తెలుసు కదా అన్నాను.

"తెలుసు. మొన్నటిసంది గదే ఆలోచన చేసిన."

పేరు, తండ్రి పేరు, కంపెనీ నంబరు ఒకటొకటే చెప్పాడు. నేను తప్పు రాస్తే దిద్దించాడు. బస్సు వచ్చిందని డ్యూటీకి వెళ్ళబోతే ఆపాను. ఇప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నాడు, మాస్కు పెట్టుకుని. అద్దంలోంచి కనిపిస్తున్నాడు.

అదే రోజు, పదకొండు

స్లైడ్ ఆరింది. రంగు వేశాను.

ఇరవై ఏళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని మైక్రోస్కోపులో ఆ ఎర్ర పుల్లల్లాంటి క్షయ క్రిముల కోసం వెతికాను. కనబడితే లోపల ఒక చిన్న సంతోషం. ఎవరికీ చెప్పుకోలేదు గానీ నిజం. ఈవేళ మొదటిసారి, ఏమీ కనబడకూడదని కూర్చున్నాను.

లేదు అని రాయాలంటే స్లైడ్ మీద వంద చోట్లు చూడాలి. కళ్ళు మసకేస్తే పెన్ను పట్టాను. ముప్ఫై రెండు అయ్యాయి. ఇంకా ఏమీ లేదు.