సంఖ్య లేని వాక్యం

అన్నయ్యా,

ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ నువ్వు "సర్లే" అంటావు, దాంతో నా నోరు పడిపోతుంది. అందుకే రాస్తున్నాను. మన ఊళ్ళ సంఖ్య పోయింది. పోగొట్టింది నేనే.

నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నువ్వు అందరితో "మా చెల్లెలిది వానలు చెప్పే ఆఫీసు" అంటుంటావు. కాదు. భూమి వేడెక్కడం మీద లోకంలో అచ్చయిన పరిశోధనలన్నీ మాలాంటి వాళ్ళం కొన్ని వందలమంది చదివి ఒక పెద్ద నివేదిక రాస్తాం. దానికి ముందు ముప్పై పేజీల సారాంశం ఉంటుంది. ఎవరెంత పొగ తగ్గించాలి, మునిగేవాళ్ళకి ఏం చెయ్యాలి అని దేశాలు బేరమాడుకునేటప్పుడు చేతిలో ఉండేది ఆ ముప్పై పేజీలే. అందుకే ఒక్కో వాక్యం తెరమీద వేసి, అన్ని దేశాలవాళ్ళూ ఒప్పుకున్నాకే అచ్చుకిస్తారు. ఒక్కరు కాదన్నా ఆ వాక్యం ఆగిపోతుంది.

అందులో మన తీరం మీద ఒక వాక్యం ఉంది. సముద్రం ఇలాగే పెరిగితే కరకట్ట లోపలి పల్లపు ఊళ్ళు ఇంకెన్నేళ్ళు కాపురానికి పనికొస్తాయో చెప్పే సంఖ్య ఒకటి. దాన్ని తేల్చడానికి మాకు మూడేళ్ళు పట్టింది. కిందటిసారి వచ్చినప్పుడు నీతో అన్నాను. ఎంతో మాత్రం చెప్పలేదు, అచ్చుకి ముందు బయటపెట్టకూడదు. "అది అచ్చులో పడితే మెరక మీద స్థలాలిమ్మని ఆఫీసువాళ్ళని అడగొచ్చు, కాదనలేరు" అన్నాను. నువ్వు తూము తలుపు మరకి గ్రీజు రాస్తూ ఏమీ అనలేదు. ఒప్పుకున్నావనుకున్నాను.

మంగళవారం సభలో, భోజనాలకి ముందు ఆ వాక్యం తెరమీదకొచ్చింది. ఒకాయన తన దేశం పేరున్న పలకని బల్లమీద నిలబెట్టాడు. మాట్లాడాలంటే అలా చెయ్యాలి. ఎవరో కాదు, మన ప్రతినిధే. "సంఖ్య తీసేద్దాం. రానున్న దశాబ్దాల్లో అంటే చాలు" అన్నాడు. అధ్యక్షురాలు నావైపు తిరిగి, "రాసినవాళ్ళు చెప్పాలి. ఇలా మారిస్తే వాక్యం తప్పవుతుందా?" అంది.

అక్కడ నన్ను అడిగేది అదొక్కటే. మంచిదా, చెడ్డదా అని అడగరు. అడగనిది చెపితే శాస్త్రం వదిలి రాజకీయం మాట్లాడానంటారు, మేం రాసిన మిగతావేవీ నమ్మరు. "సంఖ్య ఉంటే ఇంకా స్పష్టంగా ఉంటుంది" అన్నాను. "అది కాదమ్మా, తప్పవుతుందా?" అని మళ్ళీ అడిగింది. "తప్పు కాదు" అన్నాను. ఇక ఖాయమని సుత్తితో బల్లమీద కొట్టింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

నా పక్కన కూర్చునే సముద్రాల లెక్కల ముసలాయన భోజనాల దగ్గర, "అమ్మాయ్, మనం తూకం రాళ్ళం. బేరం జరుగుతుంటే రాయి నోరు విప్పుతుందా?" అన్నాడు.

"రాయికి అన్నయ్య ఉంటేనో?" అన్నాను.

ఆయన తన పళ్ళెంలో రొట్టె తీసి నా పళ్ళెంలో పెట్టాడు.

తర్వాత మన ప్రతినిధిని మెట్ల దగ్గర పట్టుకున్నాను. "నాకేం పగండీ? రాసిచ్చింది చదివాను. కింద నుంచి అర్జీ వచ్చిందట" అన్నాడు. ఏ ఫ్యాక్టరీవాళ్ళో అయ్యుంటారు.

నివేదిక లోపల ఆ సంఖ్య అలాగే ఉంది, నాలుగు వందల పేజీల అవతల. బేరానికి కూర్చునేవాళ్ళు అంతదూరం రారు. రాజీనామా రాసి బల్లసొరుగులో పెట్టుకున్నాను. ఇచ్చేముందు నీకు చెప్పాలనిపించింది.

నీ చెల్లెలు


గడుగ్గాయీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ వదినకి చూపించలేదు.

ఆ అర్జీ ఫ్యాక్టరీవాళ్ళది కాదు. మనదే. అందులో మూడో సంతకం నాది.

నువ్వెళ్ళాక నేనే గొప్పకిపోయి పంపు దగ్గర నోరు జారాను, మా చెల్లెలు ఊరికి గడువు లెక్కకడుతోందని. బడి పైకప్పు బాగుచెయ్యమని టీచరమ్మ ఆఫీసుకెళితే ఇంజనీరు, "మీ ఊరు ఎన్నాళ్ళుంటుందో లెక్క వస్తోందిటగా, రానివ్వండి చూద్దాం" అన్నాడట. కట్టకి మట్టి పొయ్యమన్నా అదే మాట. నూకలు చెల్లిన ఊరికి ఎవడు మట్టి పోస్తాడు? మెరక మీద స్థలం సంగతి అడిగితే అది మా శాఖ కాదన్నాడు. అప్పుడు టీచరమ్మ అర్జీ రాసింది, మా ఊళ్ళకి సంఖ్య వెయ్యొద్దని. "తూము చూసే మనిషి సంతకం లేకపోతే ఎవరు నమ్ముతారు?" అంది. పెట్టాను. నిన్నడిగితే వద్దంటావు, నీ మాట నేను కాదనలేను. అందుకే అడగలేదు.

ఇంత పైదాకా వెళుతుందనుకోలేదు. మన అర్జీలెప్పుడూ ఆ ఆఫీసు గుమ్మం దాటిన పాపాన పోలేదు. ఇదొక్కటీ దాటింది.

రాజీనామా చించెయ్. నువ్వు అబద్ధం చెప్పలేదు. మేమూ చెప్పించలేదు.

లెక్క రాదని ఆఫీసుకి కబురొచ్చింది కాబోలు, కట్టకి మట్టి వచ్చింది, పదిహేడు లారీలు. బడికి రేకులు వేశారు. అందరూ సంతోషంగానే ఉన్నారు. నేను తూము తలుపులు బిగించి మూసినా కాలవలోకి ఉప్పునీళ్ళు వస్తున్నాయి. తలుపుల్లోంచి కాదు, అడుగు నుంచి. నాలుకమీద వేసుకుని చూశాను. ఎవరికీ చెప్పలేదు.

మా పెద్దదీ అల్లుడూ ఇక్కడే ఉంటామంటున్నారు. పెరట్లో రెండు గదులు వేసుకుంటారట. కొలతలు చూసి తాడు కట్టారు, వచ్చే నెలలో పునాది తవ్వుతారు. "సరేనా నాన్నా?" అని అది రోజూ అడుగుతోంది. చూద్దాంలే అంటున్నాను.

నాలుగు వందల పేజీలు దాటుకుని నేను వెళ్ళలేను. ఆ సంఖ్య ఎంతో నాకొక్కడికి రాయి. కార్డు మీద వద్దు, కవరులో పెట్టి అంటించు.

అన్నయ్య