ఉప్పు అనే మాట గురించి

నాన్నగారికి నమస్కారములు. ఫోనులో మీరు నా మాట పూర్తి కానివ్వడం లేదు కనుక ఈ కార్డు రాయడమైనది.

వానలు తగ్గి మొగల్తూరు పొలాల్లోకి సముద్రపు పోటు నీరు ఎక్కడంపై నేను రాసిన నివేదికలో 'ఉప్పు' అనే మాట కొట్టివేసి 'స్వల్ప మార్పు' అని రాయవలసిందిగా మా పై అధికారి నిన్న పొలంలోనే ఆదేశించారు. కౌలు రైతు సంపూర్ణమ్మ మడిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"మార్పేంటండీ బాబూ! మీరూ ఓసారి నాలిక్కి రాసుకోండి."

రుచి చూడటం తమ విధుల్లో లేదన్నారు ఆయన.

"అన్నం తినడం ఉందాండీ మరి?" అంది.

నివేదికలో 'ఉప్పు' అనే మాట ఉంటేనే పోటు నీటిని ఆపే తూము తలుపు బాగుచేస్తారు. లేకుంటే ఆమెకు ఈ యేడూ పంట లేదు. కావున మాట మార్చకుండానే సంతకం పెట్టి పంపడమైనది. ఇందుకు నన్ను బదిలీ చేస్తారట. చేసినా సెలవు పెట్టి కోతల దాకా ఇక్కడే ఉంటాను. నా రబ్బరు బూట్లు పంపగలరు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

అధికారిగారు మీ దగ్గర సైన్సు చదువుకున్నారట. నా తరఫున క్షమాపణ కోరుతూ ఆయనకు ఫోను చేయవద్దు. చేసి తీరాలనుకుంటే, లవణాల పాఠం రోజున బడికి వచ్చారో లేదో మాత్రం విచారించగలరు.

అమ్మకు నమస్కారాలతో,
మీ ఫణిశ్రీ