బాలమ్మ ఇంటి ముందు పెంటకుప్ప

మే 2004, ఆదివారం రాత్రి
పెద్దమందడి దగ్గరి పల్లె, బడి గది

నడుము విరిగిపోతోంది. ఎంత సబ్బు రుద్దినా చేతులకు పేడ వాసన పోలేదు.

కాలేజీ సేవా శిబిరానికి ఈసారి నన్ను లీడర్‌ని చేశారు. ఆ హుషారులో పొద్దున్నే పై వాడంతా ఊడిపించాను. ఆ వాడలోనే ఉండే బాలమ్మ ఇంటి ముందున్న పెంటకుప్పను కూడా తట్టలకెత్తించి ఊరవతల గుంతలో పోయించాను. మాతో వచ్చిన సార్ అందరి ముందూ మెచ్చుకున్నారు. రేపు కింది వాడలో కుప్పలు కూడా ఇలాగే ఎత్తించమన్నారు.

సాయంత్రం బాలమ్మ కూలి నుంచి వచ్చి, గుమ్మం ముందే నిలబడిపోయింది.

"నా పెంట యాడ వోసిండ్రు బిడ్డా? ఏడాదంత జమ చేసిన. వాన పడకముందే చేన్ల తోలాలె."

మాదీ సేద్యం చేసే ఇల్లే. మా నాన్న ఎరువును ఎవరైనా ముట్టుకుంటే ఊరుకుంటాడా? పొద్దున అదెందుకు గుర్తురాలేదు?

గుంతలోంచి వెనక్కి మోద్దామంటే అందరూ మొహం తిప్పుకున్నారు. "పొద్దున ఎత్తుమన్నది నువ్వే గదా" అంటూనే నా క్లాస్‌మేట్ సుజాత ఒక్కతే తట్ట పట్టుకుంది. చీకటిపడేదాకా బాలమ్మతో కలిసి ముగ్గురం మోశాం. సగం కూడా రాలేదు.

నా చేతుల మీద నీళ్లు పోస్తూ బాలమ్మ, "ఇంకోపారి జర అడిగి ఎత్తుండ్రి" అంది. తిట్టినా బాగుండేది.

రేపు అడిగే మొదలుపెట్టాలి. కానీ కింది వాడలో సగం ఇళ్లకు తాళాలే. బొంబాయి పనులకు పోయారట, వానలకు వస్తారట. ఆ తాళాల ముందూ కుప్పలున్నాయి. ఎవరిని అడగను?