దిండు సీను బాగుంది

పెద్దమ్మకు,
కళ్లద్దాల కొట్టు నుంచి నీ చెల్లెలి కొడుకు పెట్టే నమస్కారాలు.

నేను కులాసా. నీ మోకాలి నొప్పీ, నీ కుట్టు మిషన్ కీచుమనడమూ తగ్గాయని తలుస్తాను. ఈ వారం రెండు కథలు. నువ్వు పెట్టిన నియమం ప్రకారం ఎప్పటిలాగే 'నేను' అనే రాస్తున్నాను. చిన్నప్పుడు హాలు నుంచి పరుగెత్తుకొచ్చి 'హీరో వెళ్ళాడు, హీరో కొట్టాడు' అని చెబుతుంటే నీకు కునుకొచ్చి సూది వేలికి దిగేది. 'నేను వెళ్ళాను, నేను కొట్టాను' అంటేనే మిషన్ ఆపి వినేదానివి. చీకట్లో చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదంటూ నువ్వు హాలు గడప తొక్కలేదు గానీ, నీ అంత సినిమా పిచ్చి మన వంశంలో నాకు తప్ప ఎవరికీ లేదు.

మొదటి కథ. నేను ఓడ కెప్టెన్‌ని. తుఫానులో తలకు దెబ్బ తగిలి గతం మరిచిపోయాను. పొట్టకూటికి పాటలు పాడుకుంటూ, నాకు కాబోయే భార్య ఇంకొకడిని చేసుకుంటున్న పెళ్ళికే పాడడానికి వెళ్ళాను. నా గొంతు విని పెళ్ళికూతురు మూర్ఛపోయింది. నాకు గతం గుర్తొచ్చింది, పాట మరిచిపోయాను. అందరూ ఏడ్చారు. శుభం.

రెండో కథ వేరు. రోజూ సాయంత్రం ఆటకి టికెట్ల కిటికీ ముందు నిలబడతాను. ఇన్నేళ్ళుగా ఆ కిటికీలో ఒక చెయ్యి మాత్రమే చూశాను. మొన్న ఆ చేతి తాలూకు మనిషి, కళ్లద్దాల కాడ ఊడిపోయి మా కొట్టుకే వచ్చింది. సినిమాల్లో ప్రేమ పుడితే గాలి వీస్తుంది, కాగితాలు ఎగురుతాయి. ఇక్కడ ఫ్యాను కూడా తిరగడం లేదు. అయినా కాడకు బిగించాల్సిన మర నా వేళ్ళలోంచి జారిపోయింది. ఇద్దరం నేల మీద పాకుతూ వెతికాం. అద్దాలు లేక ఆమెకి కనపడలేదు. ఆమె పక్కనుండడం వల్ల నాకు కనపడలేదు.

"మీరు రోజూ వస్తారు కదూ? సినిమా పిచ్చా?" అంది. అవునందామని నోరు తెరిచాను. "నాకు సినిమా పిచ్చోళ్ళంటే ఒళ్ళు మంట. ఆ గదిలో కూర్చుని గోడ అవతలి ఏడుపులు రోజుకు నాలుగుసార్లు వినాలి. ఆరేళ్ళయింది" అంది. తెరిచిన నోరు ఊరికే మూయలేక, "అబ్బే, నేను నిద్రపోవడానికి వస్తానండీ. ఇంట్లో పడుకుంటే నిద్ర రాదు" అన్నాను. ఆమె జాలిగా చూసింది. ఆ చూపుకి నా పని అయిపోయింది పెద్దమ్మా.

ఇట్లు,
నీ అబ్బాయి

తాజాకలం: కథ ఇంకా ఉంది. నాకే తెలియదు ఎటు పోతుందో.

*

ఒరేయ్ అబ్బాయ్,
నీకు పెద్దమ్మ దీవెనలు. మోకాలు అలాగే ఉంది. మిషన్‌కి నూనె పోశాను, అదే నయం.

ఓడ కథ అద్భుతం. షర్టుకి కాలరు అతుకుతూ చదివించుకున్నాను. పాట మరిచిపోయిన చోట ఏడుపొచ్చి కాలరు తలకిందులుగా కుట్టేశాను. షర్టు తాలూకు ఆయన కూడా కథ విని కళ్ళొత్తుకుంటూ అలాగే తొడుక్కుపోయాడు.

రెండోది మాత్రం తేలిపోయింది. విలన్ లేడు, ఓడ లేదు, ఒక్కడికీ తల పగల్లేదు. నేల మీద పాకడం కాస్త పర్వాలేదు గానీ, ఇంతకీ ఆ మర దొరికిందా లేదా? అంత ముఖ్యమైన సంగతి గాలికొదిలేశారు. అన్నిటికీ మించి ఆ హీరో అబద్ధం నాకు నచ్చలేదు. నోటికొచ్చిన కోత కోసే మొహానికి అంత మంచి పిల్లెందుకు? ఇలాంటి వాటికి వెళ్ళి కళ్ళు పాడుచేసుకోకు.

ఇట్లు,
పెద్దమ్మ

తాజాకలం: హీరో కొట్టు అచ్చం మీ కొట్టులాగే ఉందే. సెట్టు వేసే స్తోమత లేక ఎవరి దుకాణంలోనో దూరి తీసినట్టున్నారు.

*

పెద్దమ్మకు,
నమస్కారాలు.

అయ్యో, రెండోది సినిమా కాదు పెద్దమ్మా! నిజం! నీ చెల్లెలి కొడుక్కి, అంటే నాకు, జరిగింది! ఫోన్ చేశాను. నీ మిషన్ చప్పుడులో 'హలో, గుండీలు రేపు ఇస్తాను' అని పెట్టేశావు. (మర దొరికింది. నా చొక్కా జేబులోనే ఉంది.)

ఆ తర్వాత జరిగింది విను. నాకు నిద్ర రాదన్న సంగతి ఆమె వాళ్ళ నాన్నకి చెప్పింది. ఆయన ఆస్పత్రిలో కాంపౌండరు. కొట్టుకు వచ్చి, నమస్కారానికి ముందే నా కనురెప్ప కిందికి లాగి చూశాడు. నాలుక చాపమన్నాడు. ఎర్రమందు సీసా ఇచ్చి మూడు పూటలా తాగమన్నాడు. ఆమె ముందే తాగాల్సి వచ్చింది. మందు పనిచేసింది! కొట్టులో నిలబడే నిద్రపోతున్నాను. మొన్న డ్రిల్లు మాస్టారికి ఎవరివో అద్దాలు బిగించి ఇచ్చానట. ఆయన కరెంటు స్తంభానికి నమస్కారం పెట్టి, జవాబివ్వలేదని కోప్పడ్డారట.

ఇక హాల్లో నా బాధ పగవాడికి కూడా వద్దు. నేను హాయిగా నిద్రపోతున్నానో లేదో చూడడానికి ఆమె టార్చి వేసుకుని వస్తోంది. సరిగ్గా క్లైమాక్సులో! వెంటనే కళ్ళు మూసుకోవాలి. ఈ వారం మూడు సినిమాలు చూశాను, ఒక్కదాంట్లో కూడా చివరికి ఎవరు బతికారో తెలియదు. నిన్న ఆమె ఇంటి నుంచి చిన్న దిండు తెచ్చి నా తల కింద పెట్టింది. "జాగ్రత్తగా ఒత్తిగిలండి, ఆ కుర్చీకి మేకు ఉంది" అంది. ఎన్ని వందల సినిమాల్లో ఎన్ని ప్రేమ మాటలు విన్నానో నీకు తెలుసు. ఆ మేకు మాటకి ఏదీ సాటి రాదు. కళ్ళు మూసుకునే ఏడ్చాను.

ఇట్లు,
నీ అబ్బాయి

తాజాకలం: ఇది సినిమా కాదు.

రెండో తాజాకలం: కాదు అంటే కాదు.

*

ఒరేయ్ అబ్బాయ్,
దీవెనలు.

రెండో సగం కొంచెం పుంజుకుంది. దిండు సీను బాగుంది. దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పాను, స్కూలు లాగులు కుట్టించుకునే ఆవిడైతే రెండుసార్లు చెప్పించుకుంది.

కాంపౌండరు పాత్ర మాత్రం అతి. కొత్త మనిషి కనపడగానే రెప్ప లాగి చూసే తండ్రి భూమ్మీద ఉంటాడా? నవ్వించాలని ఇరికించారు.

ఇక 'ఇది సినిమా కాదు' అన్న ఎత్తు నా దగ్గర పారదురా. పోయినేడు జైలు సినిమాకి కూడా అలాగే రాశావు. 'ఇది కథ కాదు, నా బతుకు! చేయని హత్యకి ఊచలు లెక్కపెడుతున్నాను!' నేను నమ్మి, తిండి మానేసి, సంచి సర్దుకుని బస్టాండు దాకా వెళ్ళాను. అక్కడ గోడ మీద ఆ డైలాగే అంత పొడుగు అక్షరాలతో పోస్టరు వేసి ఉంది. దుకాణాల వాళ్ళంతా ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతారు. ఒకసారి మోసపోతే అమాయకత్వం, రెండోసారి మోసపోతే బుద్ధిలేకపోవడం.

ఒక్క మాట మాత్రం రాసిపెట్టుకో. ఆ హీరో దిండు మీద తల పెట్టుకుని ఇంకా అబద్ధంలోనే పడుకుంటే, ఆ పిల్ల ప్రేమించేది వాడిని కాదు, వాడి జబ్బుని. జబ్బు నయమైన రోజు ఏం చేస్తాడు?

ఇట్లు,
పెద్దమ్మ

తాజాకలం: నీ దగ్గర నిద్రమందు ఉంటే పంపు. ఈ కథ ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు.

*

పెద్దమ్మకు,
కాళ్ళు పట్టుకుని రాస్తున్నాను.

కాంపౌండరు గారు నిన్న కొట్టుకొచ్చి, "మా అమ్మాయికి నీ మీద మనసున్నట్టుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఆదివారం లోపు పంపించు, మాట్లాడతాను. ఎవరూ రాకపోతే మా ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే అబ్బాయి ఉన్నాడు. వాడు రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేస్తాడు" అన్నారు. నాకు పెద్దదిక్కు అంటే నువ్వు ఒక్కదానివే. శనివారం బస్సుకి రా.

నీ మాట నా గుండెలో మేకులా దిగింది. నిజం చెబితే నేను ఆమెకి ఒళ్ళు మంట పుట్టించే సినిమా పిచ్చోణ్ణి. చెప్పకపోతే వాళ్ళ నాన్నకి జబ్బు మనిషిని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సినిమా అయితే ఈ పాటికి తుఫాను వచ్చేది, తలకు దెబ్బ తగిలేది, అంతా మరిచిపోయేవాణ్ణి. బతుకులో ఎవరూ సమయానికి తల మీద కొట్టరు. ఆమె లేకపోతే ఆ హాలు నాకు ఒట్టి చీకటి గది పెద్దమ్మా. నాకు ఆమె కావాలి. ఇంతకంటే డైలాగు రాదు.

ఇట్లు,
నీ అబ్బాయి

తాజాకలం: నమ్మకం కోసం నా దంతాల ఎక్స్‌రే జత చేస్తున్నాను. తీసింది ఆ అబ్బాయే. బాగా తీశాడు, అదే నా భయం.

*

ఒరేయ్ అబ్బాయ్,
దీవెనలు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, బస్సులో రాస్తున్నాను.

నీ ఉత్తరం, ఎక్స్‌రే అందాయి. సినిమా వాళ్ళు ప్రచారానికి ఏవేవో పంచుతారని విన్నాను, పళ్ళు కూడా పంచుతున్నారు కాబోలు అనుకుని గోడకు తగిలించాను. ఆదివారం వెళ్ళిపోయింది. నేను కదల్లేదు.

సోమవారం పొద్దున ఒక పెద్దమనిషి ప్యాంటు పొట్టి చేయమని వచ్చాడు. ప్యాంటు సరిగ్గానే ఉంది. మనకెందుకని టేపు తీశాను. గోడ మీది పళ్ళు చూసి, "ఎవరివమ్మా?" అన్నాడు. కొలత తీసుకుంటూ, మా అబ్బాయి ఉత్తరంలో రాసిన సినిమాలోవని మొదలుపెట్టి కథంతా చెప్పాను. మర, ఎర్రమందు, దిండు, అన్నీ. ఆయన నిలబడే విన్నాడు.

"అయితే ఆ కుర్రాడికి జబ్బు లేదా?" అన్నాడు.

"జబ్బా, జాడ్యమా! ఒట్టి సినిమా పిచ్చి. ఆ పిల్ల ఎక్కడ కాదంటుందోనని నిద్ర నటిస్తున్నాడు వెధవ" అన్నాను.

"మరి ఆ కాంపౌండరు?"

"వాడి సంగతి అడక్కండి. చాదస్తపు ముసలాడు. వాడిని తీసేస్తే సినిమా అరగంట తగ్గుతుంది."

ఆయన మిషన్ మీదుగా చెయ్యి చాపి నా కనురెప్ప కిందికి లాగి చూసి, "రక్తం తక్కువగా ఉందమ్మా" అన్నాడు.

ఒరేయ్, అప్పుడు తెలిసింది. నా చేతిలో టేపు కింద పడింది. నువ్వు మనసు విప్పి రాస్తే నేను సెట్టు బాగా లేదని రాశాను. రెండు ఉత్తరాల్లోనూ నీ గుండెకి వంకలు పెట్టాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన ముందే ఏడ్చేశాను. ఆయన కంగారుపడి సంచిలోంచి ఎర్రమందు తీశాడు. తాగాను. పాపం, ఇంకేం చేయను?

ఆయన ఎందుకొచ్చాడో విను. ఆదివారం సాయంత్రం ఎక్స్‌రే అబ్బాయి మాట ఎత్తితే, ఆ పిల్ల "దిండు ఇచ్చింది ఒక్కరికే" అని లోపలికి వెళ్ళిపోయిందట. అందుకని నీ కొట్టులో నా కవరు మీద చూసిపెట్టుకున్న చిరునామా పట్టుకుని, నీ వంశమూ జబ్బూ కనుక్కోవడానికి ప్యాంటు సాకు పెట్టుకుని వచ్చాడు. "జబ్బు లేదు, అది చాలమ్మా నాకు. పిచ్చి సంగతి మా అమ్మాయి ఇష్టం. కానీ ఆ మాట వాడే చెప్పాలి" అన్నాడు. నాకు ఆయన నచ్చాడు. ఆయన పాత్ర మీద నేను రాసిందంతా వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. కాంపౌండరు గారు నా పక్క సీట్లో కూర్చుని గురక పెడుతున్నారు. దిగగానే ఆ పిల్ల చేతికిచ్చి నీ కొట్టుకి పంపిస్తాను. కాబట్టి నువ్వు ఇది చదువుతున్నావంటే, బల్లకి అవతల ఆమె నిలబడి ఉంటుంది. చదివింది చాలు. తల ఎత్తు. ముందు కుర్చీ వెయ్యి, తర్వాత నిజం చెప్పు. 'నేను' అని మొదలుపెట్టి చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ

తాజాకలం: కవరు అంటించలేదు. దారిలో చదివే ఉంటుంది. అయినా నీ నోటితో చెప్పాల్సిందే.

రెండో తాజాకలం: నేను మీ కొట్టు బయట మెట్టు మీద కూర్చుని ఉంటాను. సంచిలో కుట్టాల్సిన గుండీలు బోలెడున్నాయి, నాకేం తొందర లేదు. ఆమె నవ్వాక పిలువు.