ఎంగిలి టీ

ఏసెన్‌బెక్ తల్లి సైరకాన్‌కు,

నరీన్ నుంచి నీ ముసలాయన సలాం. ఇక్కడ అందరం క్షేమం. ముందుగా అలా రాయాలి కాబట్టి రాశాను. అందులో నిజమెంతో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. నువ్వు కాన్పు చూసుకోవడానికి వెళ్ళిన ఓష్‌లో అమ్మాయీ పసివాడూ బాగున్నారని తెలిసి నా మనసు కుదుటపడింది. ఫోను ఎప్పుడూ కోడలి దగ్గరే ఉంటుంది కనుక ఈ ఉత్తరం వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. కవరు విప్పి మళ్ళీ అంటించినట్టుంటే నాకు కబురు పెట్టు. వాడి చూపులు నాకు నచ్చలేదు.

నువ్వు అడిగినవన్నీ చేస్తున్నాను. ఉన్ని మేజోళ్ళు వేసుకుంటున్నాను, వెల్లుల్లి నములుతున్నాను, గొర్రె తోక కొవ్వు వేడి పాలలో కరిగించి తాగుతున్నాను. గదిలోకి గాలి రానిస్తున్నానా అని కూడా అడిగావు. నెలంతా మంచు కురిసే ఊళ్ళో కిటికీ తెరవాలన్న బుద్ధి నీకు పుట్టింది కాదు. అత్తాకోడళ్ళిద్దరూ నా వెనక ఏదో నడుపుతున్నారు.

ఎందుకంటే ఇక్కడ కిటికీలు తెరిచేది కోడలు బురుల్చానే. పొద్దున్నే గది చల్లబడేదాకా బార్లా తెరిచి పెడుతుంది. తర్వాత మందాకుల పొగ మూలమూలకీ పట్టిస్తుంది. అది మన పెద్దలు చేసిందే, దానికి నేనేమీ అనను. కానీ నేను బయటి నుంచి రావడం ఆలస్యం, "మామయ్యా, చేతులు" అంటూ సబ్బు పట్టుకుని నిలబడుతుంది. నా తువ్వాలు విడిగా, దాని కొక్కెం విడిగా. మన ఇంట్లో ఎవరి టీ గిన్నె ఎవరికి పోతోందని ఎప్పుడైనా చూశామా? ఇప్పుడు నా గిన్నెను మరిగే నీళ్ళలో వేసి పక్కన బోర్లిస్తోంది. నన్ను చూస్తే ఆ పిల్లకు అసహ్యమని అనుమానం పట్టుకుంది. కొడుకుతో చెప్పుకుందామంటే వాడు వారమంతా బొగ్గు లారీ మీదే.

పక్కింటి ఆసిల్‌కుల్ చూసి ఊరుకుంటాడా. "ఒరేయ్ జుమాదిల్, ఇవాళ విడి గిన్నె, రేపు విడి గది, ఎల్లుండి గొర్రెల పాక. ఇప్పటినుంచే గడ్డి పరుచుకో" అన్నాడు.

ఈమధ్య వాడింట్లో ముసలాళ్ళం కూడి బోజో తాగాం. చలికాలంలో చిరుధాన్యాలు పులియబెట్టి చేసే ఆ పానీయం సంగతి నీకు తెలుసుగా, ఒకే గిన్నె అందరి చేతుల్లో తిరుగుతుంది. ఇంటికి రాగానే కోడలు అడిగింది, "అందరూ ఒక్క గిన్నెలోనే తాగారా మామయ్యా?" అని. లేదన్నాను. నా ఇంట్లో నాకే విచారణా అని ఒళ్ళు మండింది. తర్వాత గొంతులో గరగర మొదలైంది. దగ్గు వచ్చినప్పుడల్లా పాకలోకి పోయి దగ్గి వచ్చేవాణ్ణి.

కోడలికి నేనంటే అసహ్యమో కాదో తేల్చేద్దామని ఒకనాడు నా టీ సగం తాగి, మిగిలింది ఆమె చేతికందించి "తాగమ్మా" అన్నాను. పెద్దలు మిగిల్చింది పిన్నలకు దీవెన, దాన్ని కాదన్నవాళ్ళను మన వైపు నేను చూడలేదు. కాదంటే ఆమె మనసు బయటపడుతుంది. గిన్నెలోకి చూసింది, నా ముఖంలోకి చూసింది. బిస్మిల్లా అని చివరి చుక్కదాకా తాగేసింది. నేను మీసం దువ్వుకుంటూ ఆసిల్‌కుల్ దగ్గరికి బయల్దేరాను.

ఇక దాచలేను సైరకాన్. ఆ వారంలోనే బురుల్చాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. నర్సమ్మ వచ్చి తలుపు దగ్గరగా వేసింది కానీ, ఆమె గొంతు తెలుసుగా, వాకిట్లోకి వినిపిస్తుంది. "ఎన్నో నెల?" అంది. ఐదో నెలంది కోడలు. "పోయిన చలికాలం ఇదే జ్వరానికి కడుపు పోగొట్టుకున్నావు. ఈసారి రోగులకు దూరంగా ఉండమని చెప్పానా లేదా?" అని నర్సమ్మ కేకలేసింది. అప్పుడు నాతో మీరంతా కడుపునొప్పి అన్నారు. ఈ సంగతి కూడా నీకు ముందే తెలుసన్నది నా అనుమానం. తెలిసే ఉంటుంది. ఈసారికి అడగను.

జ్వరం దిగేదాకా నేను అన్నం ముట్టలేదు. నిన్న నర్సమ్మ కడుపు మీద గొట్టం ఆనించి విని, "గుండె బాగానే కొట్టుకుంటోంది తాతా, లోపలికి రా" అంది. నేను వెళ్ళలేదు. మంచులోనే కూలబడి ఏడ్చాను.

ఈ పొద్దున గడప బయటే నిలబడి, నోటికి కండువా అడ్డం పెట్టుకుని చెప్పేశాను. "అమ్మా, ఆ వేళ నాకు దగ్గు ఉంది. బోజో గిన్నె గురించి నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు మామయ్యా. పాకలో మీరు దగ్గడం విన్నాను."

"మరి ఎందుకు తాగావే తల్లీ?"

ఆమె దుప్పటి సర్దుకుంది. "పోయినసారి బిడ్డ సంగతి మీకు చెప్పనేలేదు. మీ దీవెన అందకుండానే పోయింది. ఈసారి మీ అంతట మీరే ఇస్తుంటే, వద్దనడానికి భయమేసింది" అంది.

పుట్టే బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సిన పెద్దను నేనే. ఏ ముఖం పెట్టుకుని చెప్పమంటావో, వచ్చి నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ మాట వినని నీ ముసలాయన,
ఏసెన్‌బెక్ తండ్రి