చాలా బాగుందని రాసిన ఫారం

భిలాయి,
జులై, 2005.

క్యాంప్ 2లోని విమలకుమారి అత్తకు వందనాలు.

ఈ ఉత్తరం మీకు చదివి వినిపించేది మీ మనవరాలు జెన్నీయేనని తెలిసే రాస్తున్నాను.

జెన్నీ నర్సింగ్ సీటుకు కావలసిన నివాస ధ్రువపత్రం కోసం మీరు మూడోసారి మా కంప్యూటర్ కౌంటరుకు వచ్చారు. ఆ రోజు పైవాళ్లు పంపిన అభిప్రాయాల ఫారం నింపుతూ, సేవ ఎలా ఉందని అడిగాను. "నానేటి సెప్తానమ్మా, కుర్చీ ఏసి కూకోబెట్టావు. సాలా బాగుందని రాసీ" అన్నారు.

పత్రం సమయానికి అందిందా అన్న తరవాతి ప్రశ్న నేను అడగనే లేదు. అందిందని నేనే టిక్కు పెట్టేశాను. ఇక్కడి మన తెలుగువాళ్ల ఫారాలన్నిట్లోనూ అదే చేశాను. కౌంటరు ఎత్తేస్తారేమోనని భయం.

ఆ ఫారాలు చూసి, ఆగిపోయిన దరఖాస్తులు పరిశీలించడానికి రావలసిన అధికారి ఇక్కడికి రానక్కర్లేదనుకున్నారు. పత్రం రాకుండానే కాలేజీ గడువు నిన్నటితో అయిపోయింది. మొన్న చర్చిలో మీరు నా చెయ్యి పట్టుకుని, మాకోసం ఎంత కష్టపడుతున్నావో అంటే చెయ్యి విడిపించుకుని వచ్చేశాను.

జెన్నీ, ఈ ముక్కలు దాటేయకుండా చదువు. లోపల ఖాళీ ఫారం పెట్టాను. ఈసారి ప్రశ్నలన్నీ నువ్వే అడుగు. నానమ్మ నా మొహం చూసి మళ్లీ బాగుందనే అంటుంది. నువ్వు మాత్రం అందలేదని రాయి.

ఇట్లు,
మీ కౌంటరు అమ్మాయి