కరియడి మాత్ర, నీ చొక్కా

ఏమయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. మొన్న మన గొర్రె ఒకటి తల వంచుకుని గిరగిరా తిరుగుతుంటే పుంగనూరు నుంచి పశువుల డాక్టరును పిలిపించాను.

"వానలు కాలం తప్పినాయమ్మా. గడ్డి ఆరేదే లేదు, దాంట్లో బద్దెపురుగు గుడ్లు చావడంలే. గడ్డితో అవి మేస్తే గొర్రెకు పురుగు మెదడుకెక్కి ఇట్లా తిరుగుతాది. చచ్చిన గొర్రెల తలకాయలు తిన్న మీ కుక్కే ఆ గుడ్లు రాల్చేది. ఎవురేసినారు దానికి?" అన్నాడు.

వేసింది నువ్వు, తిట్లు తిన్నది నేను.

కుక్కకు మాత్ర వేయమన్నాడు. నీ కరియడు రాగిముద్ద తిని, మాత్రనొక్కటే ఉమ్మేశాడు. చివరికి పెట్టెలోని నీ చొక్కా తొడుక్కుని పిలిచాను. ఎదురింటి మునెమ్మ నన్ను చూసి "మళ్లీ యాల వస్తివప్పా!" అంటూ చెంబు జారవిడిచింది. కరియడేమో చొక్కా వాసన చూసి, తోకాడిస్తూ గుటుక్కున మింగాడు.

మూడు నెలలకు మళ్లీ వేయాలట. అందుకే చొక్కా ఉతకలేదు.

కుక్క కోసమేలే.